ఇంటి పైకప్పు మార్చవలసినది ఎప్పుడు?

లిమరిక్‌లో పాత ఇల్లు కొన్న మన తెలుగు కుటుంబాలను తొలి శీతకాలంలోనే ఒక సందేహం పీడిస్తుంది. పడకగది పైభాగాన తడిమచ్చ కనబడితే కప్పంతా మార్చవలసినదేనా? వేల యూరోలతో కూడిన ఈ నిర్ణయానికి రసాయనశాస్త్రం కొంత తోడ్పడగలదు.

మొదట ఆ తేమ వాననీరేనా అన్నది తేల్చుకోవాలి. గాలివాన తరువాత మచ్చ పెరిగితే కప్పు కారుతున్నట్లే. వాన లేని చలి ఉదయాలలో అటకపై నీటిబిందువులు కనబడితే అది చాలావరకు మన వంటగది ఆవిరే. చల్లని కప్పును తాకి ద్రవించినది. దానికి గాలి ఆడే ఏర్పాటు కావాలి గాని కొత్త కప్పు కాదు.

ఈ ప్రాంతంలో పేరుపొందిన కిల్లలూ పలకరాయి వంటి మేలిరకం నూరేళ్లు దాటినా నిలుస్తుంది. తరచుగా ముందు చెడేది దానిని పట్టి ఉంచిన ఇనుప మేకు. ఒకటి రెండు పలకలు జారితే మరమ్మతు చాలు. 2014 ఫిబ్రవరి 12 నాటి డార్విన్ తుపాను వంటి పెనుగాలి లేకుండానే అన్ని వైపులా జారుతుంటే మేకులు తుప్పుతో క్షీణించినట్లు. అప్పుడు కప్పు విప్పి, మంచి పలకలనే రాగి మేకులతో తిరిగి అమర్చవచ్చు.

రాయి గుణం కుండను తట్టి చూసినట్లే తెలుస్తుంది. ఖంగుమంటే మంచిది, మొద్దుశబ్దం వస్తే పొరలు విడినట్లు. నాసిరకం రాతిలోని పైరైటు తేమతోను, ఆక్సిజనుతోను చర్య జరిపి గంధకామ్లాన్ని పుట్టిస్తుంది. అది రాతిలోని కాల్షియం కార్బొనేటును జిప్సంగా మారుస్తుంది. జిప్సం ఎక్కువ చోటు ఆక్రమించి రాతిని చీలుస్తుంది. అటువంటి పలకలను మార్చక తప్పదు.

ఒక హెచ్చరిక: పాత కృత్రిమ పలకలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. పరీక్ష ముగిసేవరకు వాటిని తట్టరాదు, విరవరాదు. కప్పు ఎక్కే పనిని అనుభవజ్ఞులకే వదలి, లోపం మేకుదా, రాతిదా, ఆవిరిదా అని వారిని అడిగి తెలుసుకున్న తరువాతనే వ్యయానికి అంగీకరించడం శ్రేయస్కరం.