చేతికందే సంతోషాలు

రమజాన్ మాసంలో సూర్యాస్తమయ వేళ ప్రతి ముస్లిం ఇంట్లోనూ దస్తర్‌ఖాన్ పరచుకుంటుంది. దాని మీద కొన్ని ఖర్జూరాలు, నీళ్ల గ్లాసులు. అందరి చెవులూ అజాన్ పిలుపు వైపే ఉంటాయి. ఆ పిలుపు వినగానే గొంతు దిగే మొదటి గుక్క నీటికి ఎంతటి మాధుర్యముంటుందో ఉపవాసమున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. మిగిలిన పదకొండు నెలలూ అవే నీళ్లు తాగుతాం, కాని ఆ రుచిని గుర్తించం. ఉపవాసికి రెండు ఆనందాలున్నాయని మహనీయ ముహమ్మద్ (స) తెలిపారు. ఒకటి ఇఫ్తార్ వేళ కలిగేది, రెండోది తన ప్రభువును కలుసుకున్నప్పుడు కలిగేది. పరలోకంలో లభించే ఆ మహదానందం సరసనే, ఒక ఖర్జూరపు పండు ఇచ్చే ఆనందాన్ని కూడా ఆయన లెక్కించారు. చిన్నదని దాన్ని వదిలిపెట్టలేదు.

అయితే మన ఇళ్లలో సంతోషం తరచూ వాయిదా పడుతూ ఉంటుంది. సొంత ఇల్లు కట్టుకున్నాక, అమ్మాయి పెళ్లి చేశాక, అప్పులు తీరాక అనుకుంటూ ఏళ్లు గడిపేస్తాం. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా ఎందరో గల్ఫ్ దేశాలకు వెళ్లి శ్రమిస్తున్నారు. భార్యాబిడ్డల కోసం చెమటోడ్చడం అల్లాహ్ మెచ్చే సత్కార్యం, సందేహం లేదు. కాని ఏళ్ల తరబడి ఎదురుచూడగా దొరికిన సెలవు కూడా స్థలాల బేరాలతో, అప్పుల లెక్కలతో, విందులతో ముగిసిపోతే ఆ పిల్లలకు తండ్రి ఎప్పుడు దొరుకుతాడు? ఇల్లు రెండేళ్లు ఆలస్యంగానైనా కట్టుకోవచ్చు. పిల్లల బాల్యం మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

మరికొందరి ఆలోచన వేరు. ఇంట్లో నవ్వులాటలు, పిల్లలతో కాలక్షేపం ధర్మపరాయణతకు తగవని వారు భావిస్తారు. ఈ సందేహం సహాబాలకూ కలిగింది. దైవప్రవక్త (స) సన్నిధిలో ఉన్నంతసేపూ స్వర్గనరకాలు కళ్లెదుట ఉన్నట్లే ఉంటుందనీ, ఇంటికి వెళ్లి భార్యాబిడ్డల మధ్య, జీవనోపాధి పనుల మధ్య పడగానే ఆ స్థితి చెదిరిపోతుందనీ హజ్రత్ హన్జలా (రజి) కలత చెందారు. తాను కపటిగా మారానేమోనని భయపడ్డారు. తన పరిస్థితీ అదేనన్నారు హజ్రత్ అబూబక్ర్ (రజి). ఇద్దరూ కలిసి దైవప్రవక్త (స) వద్దకు వెళ్లారు. మీరు ఎల్లవేళలా ఆ స్థితిలోనే ఉంటే దైవదూతలు మీతో కరచాలనం చేసేవారనీ, అయితే దేని సమయం దానికి ఉంటుందనీ ఆయన సముదాయించారు.

ఆ మహనీయుని ఇంట్లో వరుసగా నెలల తరబడి పొయ్యి వెలగని రోజులున్నాయి. ఖర్జూరాలు, నీళ్లతోనే గడిపేవారమని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. అయినా ఆ ఇంట ఆనందం కరువవలేదు. ఒక ప్రయాణంలో ఆయన ఆమెతో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలానికి మళ్లీ పరుగెత్తి తాను గెలిచి, ఆనాటి దానికి ఇది బదులని చమత్కరించారు. సజ్దాలో ఉండగా మనుమడు వీపెక్కితే, ఆ పసివాడి సరదా తీరేవరకు తల ఎత్తలేదు. పెంచుకున్న పిట్ట చనిపోయి దిగులుపడిన అబూ ఉమైర్ అనే బాలుణ్ణి ఆ పిట్ట ఏమైందంటూ ఆప్యాయంగా పలకరించారు. వీటిలో దేనికీ డబ్బు అవసరం లేదు, తీరికగా మనసు పెట్టడమే కావాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చిన్న సంతోషాల మాట, కష్టంలో ఉన్నవారి నోరు మూయించే సాధనం కారాదు. తన కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు కార్చారు. దుఃఖానికీ దాని సమయం ఉంది. అలాగే ‘జోడే కీ రఖమ్’ కోసం అప్పుల పాలైన తండ్రికి తృప్తి గురించి ఉపదేశించి ప్రయోజనం లేదు. అతనికి కావలసింది ఆ రొక్కం అడగని అల్లుడు. అన్యాయాన్ని తొలగించడం మన బాధ్యత. అల్లాహ్ ఇచ్చిన వరాన్ని గుర్తించడమూ మన బాధ్యతే.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? భోజనం దగ్గరే. ఎంత తిన్నా తృప్తి కలగడం లేదని సహచరులు విన్నవించుకుంటే, మీరు విడివిడిగా తింటున్నారేమోనని దైవప్రవక్త (స) అడిగారు. కలిసి కూర్చుని, అల్లాహ్ పేరు తలచుకుని తినమని బోధించారు. నేడు ఒకే ఇంట్లో నలుగురు నాలుగు వేళల్లో, నాలుగు ఫోన్ల ముందు తింటున్నాం. రోజుకు ఒక్క పూటైనా ఫోన్లు పక్కన పెట్టి, ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుందాం. దాదీ చెప్పే పాత ముచ్చట సగంలో ఆపకుండా విందాం. వంట చేసినవారిని బాగుందని మెచ్చుకుందాం. చివరగా మరో సూచన: కూర వండేటప్పుడు అందులో నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని హజ్రత్ అబూజర్ (రజి)కు ఆయన ఉపదేశించారు. ఆ కాస్త పులుసుతో పక్కింటి గిన్నె కూడా నిండుతుంది. మన ఇంటి సంతోషం గోడ దాటి వెళ్లడానికి అది చాలు.