అట్టముక్కలతో వేగు బండి

బాలలూ! ఎడ్లబండితో ఏరు దాటవలసి వచ్చినప్పుడు తెలివైన బండివాడు ఏం చేస్తాడో తెలుసునా? ఎడ్లను నేరుగా నీటిలోకి తోలడు. ముందుగా ఒక మనిషి కర్ర పట్టుకుని దిగుతాడు. అడుగడుక్కీ కర్ర దించి లోతు చూస్తాడు. ఇసుక గట్టిగా ఉన్నదా, ఊబి ఉన్నదా అని కాలితో నొక్కి చూస్తాడు. అవతలి గట్టు ఎక్కడానికి వీలుగా ఉన్నదో లేదో చూసి, వెనక్కు తిరిగి కేక వేస్తాడు. అప్పుడుగాని బండి కదలదు.

సైన్యంలోనూ ఇదే పద్ధతి. వెనక వచ్చేవాళ్లకోసం ముందు వెళ్లి, చూసి, కొలిచి, వచ్చి చెప్పే పనిని వేగు అంటారు. పూర్వపు రాజుల దగ్గర వేగులవాళ్లు ఉండేవారు. ఈనాడు ఆ పనికి ప్రత్యేకమైన బండ్లు ఉన్నాయి. అటువంటి వేగు బండి ఒకటి మన తెలుగునేలమీదే తయారవుతున్నది. దాని నమూనాను మీరు ఇంట్లోనే చేయవచ్చు.

తెలంగాణలో సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం అనే ఊరున్నది. అక్కడి సైనిక కర్మాగారానికి 1984లో పునాది వేశారు. అప్పుడది మెదక్ జిల్లా కావడంచేత, మెదక్ కర్మాగారమన్న పేరే నేటికీ నిలిచింది. రష్యావారి బి.ఎం.పి.-2 అనే బండిని అక్కడ 1987 నుంచి తయారు చేస్తున్నారు. దానికి మనవాళ్లు పెట్టిన పేరు సారథ్. ఇది చక్రాలకు గొలుసుపట్టీలు తొడిగిన ఉక్కుబండి. నేలమీద గంటకు 65 కిలోమీటర్లు పరుగెడుతుంది. నీటిలో పడవలా తేలి, పట్టీలనే తెడ్లుగా చేసుకుని, గంటకు 7 కిలోమీటర్లు ఈదుతుంది!

ఈ బండికే ఫిరంగి తీసివేసి, కొలత పరికరాలు అమర్చి, సైన్యంలోని ఇంజనీర్లకోసం వేగు బండిగా మార్చారు. 2021 డిసెంబరులో పూనాలో దానిని సైన్యానికి అప్పగించారు.

ఈ బండి ఏరు దగ్గరకు వెళ్లి ఏమేమి చూస్తుందంటారా? కర్ర పట్టుకున్న మనిషి చూసేవన్నీ చూస్తుంది. లోతు తెలుసుకోవడానికి నీటిలోకి శబ్దాన్ని పంపుతుంది. శబ్దం అడుగుకు తగిలి తిరిగి వస్తుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. వెళ్లి రావడానికి సెకనులో 250వ వంతు పట్టిందనుకోండి. అది పోయివచ్చిన దూరం 6 మీటర్లు. అంటే లోతు 3 మీటర్లన్నమాట! ఏటి వెడల్పు లేజరు కిరణంతో కొలుస్తుంది. ప్రవాహపు వేగానికి మరొక పరికరం ఉన్నది. మొనదేలిన కడ్డీని గట్టులో గుచ్చి, అది దిగడానికి ఎంత బలం కావలసివచ్చిందో చూసి, ఆ నేల ఎంత బరువు మోయగలదో లెక్క కడతారు.

ఈ కొలతలనుబట్టే వెనకవాళ్లు వంతెన వేస్తారు. వెడల్పు తప్పు చెబితే వంతెన అవతలి గట్టుకు అందదు. నేల గట్టిదని పొరపాటున చెబితే, వచ్చే టాంకు బురదలో దిగబడుతుంది. అందుచేత కొలతే ఈ బండికి ప్రాణం. దాని నమూనా చేసేవాడికి కూడా కొలతే ప్రాణం.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో పిల్లలు తాటికాయలతో బండ్లు చేసి దొర్లించడం మీకు తెలిసిందే. అది మంచి ఆటే. కాని దానికి కొలత లేదు. కాయ ఎంత ఉంటే చక్రం అంత! నమూనా అలా కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేస్తారు. అక్కడివాళ్లు పెద్ద వీణలతోపాటు, బహుమతులుగా ఇవ్వడానికి అరచేతిలో పట్టే చిన్న వీణలు కూడా చేస్తారు. కుండ, దండి, యాళి ముఖం అన్నీ ఒకే పాళ్లలో తగ్గితేనే అది వీణలా కనిపిస్తుంది. ఒక్కటి తగ్గకపోయినా చూసినవాళ్లు నవ్వుతారు.

మనం బండిని 35వ వంతుకు తగ్గిద్దాం. నమూనాలు చేసేవారు లోకమంతటా ఎక్కువగా వాడే వంతు ఇది. సారథ్ పొడవు 6,735 మిల్లీమీటర్లు, వెడల్పు 3,150, ఎత్తు 2,450. ఒక్కొక్కదానిని 35తో భాగించండి. పొడవు 192, వెడల్పు 90, ఎత్తు 70 మిల్లీమీటర్లు వస్తాయి. గొలుసుపట్టీ వెడల్పు 300. అది సుమారు 9 అవుతుంది.

మరి చక్రం కొలత ఎవరు చెబుతారు? ఫొటో చెబుతుంది! బండిని సరిగా పక్కనుంచి తీసిన ఫొటో ఒకటి సంపాదించండి. అందులో బండి పొడవు 96 మిల్లీమీటర్లు, చక్రం 9 మిల్లీమీటర్లు ఉన్నాయనుకుందాం. మన నమూనా పొడవు 192, అంటే ఫొటోకు రెట్టింపు. కాబట్టి చక్రం 18 ఉండాలి. తలుపులు, కిటికీలు, దీపాలు అన్నిటినీ ఇలాగే పట్టవచ్చు. ఏటవాలుగా తీసిన ఫొటోను మాత్రం నమ్మకండి. దగ్గరి చక్రం పెద్దదిగానూ, దూరపు చక్రం చిన్నదిగానూ కనిపించి మోసం చేస్తుంది.

ఇక పని మొదలుపెట్టండి. పాత శుభలేఖలు, నోటుపుస్తకాల అట్టలు, చీపురు ఈనెలు, పనికిరాని సైకిలు ట్యూబు, జిగురు ఉంటే చాలు. బ్లేడుతో కోసేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

ముందుగా గ్రాఫు కాగితంమీద బండి పక్కవాటం, పైవాటం గీయండి. కింద ఒక పెట్టె, దానిమీద మరొక పెట్టె ఉన్నట్టు ఊహించుకోండి. పైపెట్టె వెడల్పు 90. కిందిపెట్టెకు రెండువైపులా 9 చొప్పున పట్టీలకు వదలాలి గనుక, దాని వెడల్పు 72. ముందుభాగం పడవముక్కులా వాలుగా ఉండాలి. పెట్టె నొక్కుకుపోకుండా లోపల మూడు అడ్డుగోడలు అతికించి, ఒక రాత్రి ఆరనివ్వండి.

చక్రాలు పక్కకు ఆరు. గుండ్రని అట్టబిళ్లలను ఒకదానిమీద ఒకటి అతికించి చేయండి. ఇరుసులకు ఈనెలు వాడండి. ఆరింటికీ ముందు, పట్టీని లాగే పళ్లచక్రం ఒకటి, వెనక పట్టీని బిగించే చక్రం ఒకటి ఉండాలి. సైకిలు ట్యూబునుంచి 9 మిల్లీమీటర్ల పట్టీలు కత్తిరించి చుట్టూ తొడగండి. పైన బోర్లించిన పళ్లెంలా బురుజు పెట్టండి. ఫిరంగి గొట్టం పెట్టకండి. పచ్చరంగు వేస్తే వేగు బండి సిద్ధం!

ఇప్పుడొక చిక్కు లెక్క. అసలు బండి బరువు 14,300 కిలోలు. నమూనా బరువు ఎంత ఉండాలి? 35తో భాగిస్తే సుమారు 409 కిలోలు వస్తుంది. అట్టబొమ్మ అంత తూగుతుందా? పొడవే కాదు, వెడల్పూ ఎత్తూ కూడా తగ్గాయి గదా! అందుచేత 35తో మూడుసార్లు భాగించాలి. అప్పుడు వచ్చేది సుమారు 333 గ్రాములు.

అంత ఉక్కుబండి నీటిలో ఎలా తేలుతుందో కూడా ఇందులోనే ఉన్నది. 333 గ్రాముల వస్తువు 333 ఘన సెంటీమీటర్ల నీటిని పక్కకు నెడితే తేలుతుంది. 19 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టె 2 సెంటీమీటర్లు మునిగేసరికే 342 ఘన సెంటీమీటర్లు నెడుతుంది. బండి కింది భాగం సన్నంగా ఉంటుంది గనుక అది మరికొంత లోతు మునుగుతుంది. అయినా తేలుతుంది. ఇది పరీక్షించాలంటే ఆ కొలతలకు దగ్గరగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, డబ్బాతో కలిపి 333 గ్రాములు తూగేటట్టు ఇసుక పోసి తొట్టిలో వదలండి. ఏటి దగ్గరకు, చెరువు దగ్గరకు మాత్రం ఒంటరిగా పోవద్దు.

బడిలో ప్రదర్శనకు పెట్టేముందు, స్కేలు తీసుకుని నమూనాను మళ్లీ కొలవండి. పక్కన ఒక అట్టమీద మూడు వరుసలు రాయండి: అసలు బండి కొలత, రావలసిన కొలత, మీకు వచ్చిన కొలత. 192 రావలసిన చోట 195 వస్తే, 195 అనే రాయండి. ఏటి లోతు కొలిచి వచ్చిన వేగు ఉన్నది ఉన్నట్టు చెప్పడం లేదూ? మీరూ అలాగే చెప్పండి. ఆ మూడు మిల్లీమీటర్లు రెండో నమూనాలో సరిచేయవచ్చు.