నవ్వులో తప్పని లెక్క

హాస్యకవికి అతిశయోక్తి చెల్లుతుంది. గణితంలో అది చెల్లదు. ఈ చిక్కును సునాయాసంగా దాటినవారు, 2025లో 97 సంవత్సరాల వయసులో కన్నుమూసిన అమెరికా గణితబోధకుడు, గీతరచయిత టామ్ లేరర్.

1957లో సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించిన పిమ్మట, అమెరికా పాఠశాలలలో ‘నవీన గణితం’ విస్తరించింది. బిడ్డ తెచ్చిన తీసివేత లెక్క ముందు చదువుకున్న తల్లిదండ్రులు సైతం తెల్లబోయారు. వారి అవస్థను లేరర్ 1965లో పాటగా వినిపించారు. 342 నుంచి 173 పోతే 169. అవే అంకెలను ఎనిమిది ఆధారంగా లెక్కిస్తే, పక్క స్థానం అప్పిచ్చేది పది కాదు, ఎనిమిదే, శేషం 147!

శ్రోతలు పగలబడి నవ్వారు. కాగితం మీద వేసి చూడండి: రెండు సమాధానాలూ నిర్దుష్టమే. లెక్క తప్పి ఉంటే ఆ పాట వట్టి వెక్కిరింతగా మిగిలేది. తప్పలేదు గనుకనే పాఠం కూడా అయింది.