కోడిపిల్ల రంగు జూసి కొన్నరో, కిస్తీ మునిగినట్టే

మా అక్క ఇల్లు దంతాలపల్లిల. వరంగల్ నుంచి ఖమ్మం బొయ్యే రోడ్డు ఊర్లకెళ్లే పోతది గనుక బండ్ల మీద తెచ్చి అమ్ముకునేటోళ్లకు కొదువ లేదు. పోయిన వానకాలం మొదట్ల ఒకాయన మోటర్ సైకిల్‌కు రెండు దిక్కుల జాలి గంపలు కట్టుకోని కోడిపిల్లలు తెచ్చిండు. "అసలు నాటు పిల్లలు, అండ్ల కడక్‌నాథ్‌లున్నయి, అసీల్‌వి గూడ ఉన్నయి" అన్నడట. పిల్లకు 60 రూపాయలు. సంఘంల ఎత్తిన అప్పు పైసలల్లకెళ్లి 1200 వెట్టి అక్క 20 పిల్లలు కొన్నది. సంక్రాంతి నుంచి గుడ్లు అమ్మి కిస్తీ కట్టొచ్చని ఆమె లెక్క.

దసరాకు నేను పొయ్యేటాళ్లకు 13 మిగిలినయి. అండ్ల ఏడు తెల్ల పుంజులు. పుంజు గుడ్డు వెట్టదు, కిస్తీ ఆగదు.

"తమ్మీ, నువ్వు అన్ని తెల్సినట్టు రాస్తవు గదా, ఇవ్వి ఏం జాతియో జెప్పు" అన్నది. నేను మొఖం తేలేసిన. భూముల లెక్క, కూలి లెక్క రాసినోన్నే గని కోడిని కోసుకోని తినుడు తప్ప నాకేం ఎర్క? ఆడికెళ్లి పట్టుకున్న. కోళ్లు సాదిన ముసలవ్వలను అడిగిన, పశువుల డాక్టర్లను అడిగిన, దొరికింది సదువుకున్న. గా తెల్సుకున్నదే ఈడ చెప్తున్న.

కొత్తగ కొనేటోళ్లు చేసే తప్పేందంటె, నూగు రంగు జూసి జాతి చెప్పుడు. ఒక్క రోజు పిల్ల మీద ఉండేది ఈక గాదు, నూగు. గది రాలిపోయి ఈకలు వచ్చేటాళ్లకు రంగే మారిపోతది. పసుపుపచ్చ పిల్ల తెల్లగ కావొచ్చు, గోధుమ రంగో ఎర్రగో గూడ కావొచ్చు. నల్లపిల్లకు పొట్ట కింద, రెక్కల కొసలకు తెల్లగ ఉంటె "కలిసిన జాతి" అంటరు గని నల్లకోళ్ల పిల్లలు అట్లనే ఉంటయి, పెరిగినంక తెలుపు పోతది. ఈపు మీద ఉడుత చారలున్న పిల్ల అయితె అడివికోడి రంగుది. పెరిగినంక పెట్ట మట్టిరంగుల, పుంజు ఎరుపు నలుపుల వస్తది. ఇవన్ని రంగు సంగతులే. రంగు వేరు, జాతి వేరు.

ఇగ గులాబి, ఆకుపచ్చ పూసినయి తెస్తరు సూడుండ్రి, వాటి గురించి ఎక్కువ చెప్పేది లేదు. గవ్వి ఎక్కువ శాతం గుడ్ల కోళ్ల హేచరీలల్ల పనికిరాయని ఏరేసిన మొగపిల్లలు. కొత్త ఈకలు రాంగనే రంగు పోతది. అక్క కొన్నయి రంగు పూసినయి గాదు గని, ఏడు తెల్లయి గూడ గదే సరుకు. నాలుగైదు వారాలకే తల మీద ఒంటి పొర జుట్టు రంపం పండ్ల లెక్క లేసి ఎర్రవడ్డది, పెయ్యి సన్నం, కాళ్లు పసుపు. తెల్ల లెగ్‌హార్న్ పుంజు అంటె గదే. అదే తెల్లది బ్రాయిలర్ అయితె ఆరు వారాలకే రెండు కిలోలు దాటి నడవలేక కూసుంటది. తెల్లదని రెంటినీ ఒక్కతీర్గ జూడొద్దు.

మరి ఏం జూడాలె? మారనియి జూడాలె. మెడ బోడిగ ఉంటె ఆ గుణం గుడ్లకెళ్లి ఎల్లిన నాడే కనవడ్తది. మెడ ముంగట ఒక చిన్న ఈకల కుచ్చు ఉంటె ఆ గుణం ఒక్క దిక్కు నుంచే, అంటె తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చినట్టు. కుచ్చు గూడ దాదాపు లేదంటె రెండు దిక్కుల నుంచి వచ్చినట్టు. అక్క దగ్గర మిగిలిన దాంట్ల గసొంటియి రెండున్నయి, రెంటికీ కుచ్చున్నది. ఎండకాలం గీ బోడమెడలే మంచిగ తట్టుకుంటయి.

తల మీది జుట్టు జూడుండ్రి. అసీల్‌కు అది లేసి ఉండదు. చిన్న చిన్న గింజలు మూడు వరుసలు అతికిచ్చినట్టు అణిగి ఉంటది, గదువ కింద ఏలాడే తోలు గూడ మస్తు చిన్నది. మెడ పొడుగు, కాళ్లు పొడుగు, నిలవడే తీరే నిటారు. గని ఈ గింజల జుట్టు ఒక్క దిక్కు నుంచి వచ్చినా పిల్లకు కనవడ్తది. ఇంగ్లండుల విలియం బేట్సన్ అనేటాయన 1902ల, బఠానీ మొక్కలల్ల మెండెల్ చెప్పిన లెక్క జీవాలకు గూడ నడుస్తదని చూపెట్టింది ఈ కోళ్ల జుట్లతోనే. అంటె గింజల జుట్టు ఉంటె "ఈ రక్తం ఎన్నడో కలిసింది" అనే తెలుస్తది గని "ఇది అసలు అసీల్" అని తెల్వదు. అమ్మేటాయన ఆడుకునేది ఈడనే.

కడక్‌నాథ్ మోసం గూడ గట్లనే. ఇది మధ్యప్రదేశ్ ఝాబువా దిక్కు భిల్లు, భిలాలా ఆదివాసులు సాదుకున్న కోడి. 2018ల జీఐ గుర్తింపు వచ్చినంక మన దిక్కు గూడ పేరు మోగిపోయింది. ఈక నల్లగుంటె కడక్‌నాథ్ గాదు. పిల్ల నోరు ఇప్పి నాలుక జూడాలె, ఏళ్లు జూడాలె, పొట్ట మీద నూగు పక్కకు జేసి తోలు జూడాలె. నల్లగనో నీలం నలుపుగనో ఉండాలె. అయినా ఖాయం గాదు. ఆ నలుపు గుణం బలమైంది, కలిసిన పిల్లలల్ల గూడ కొట్టొచ్చినట్టు కనవడొచ్చు. ఇంకో ముచ్చట, నల్లగుడ్డు అని ఎవడన్న చూపెడ్తె నవ్వి రాండ్రి. కడక్‌నాథ్ గుడ్డు లేత గోధుమ రంగులనే ఉంటది. పైకెళ్లి ఆ పెట్ట పొదిగేది గూడ తక్కువ.

కాళ్ల రంగు దగ్గర లెక్క ఉల్టా. పసుపు కాళ్ల గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు దిక్కుల వస్తెనే పైకి తేల్తది. పిల్ల కాళ్లు పసుపుగున్నయంటె ఇద్దరిల ఆ గుణం దాగి ఉన్నట్టే.

పొట్టి కోళ్ల గురించి గూడ అడుగుతరు. పట్నంల శోకుకు సాదేటోళ్లు "బాంటం" అని ఎక్కువ పైసలకు కొంటరు. జావా దీవిల బాంటెన్ అని ఒక రేవు, ఆడికి వచ్చిన ఐరోపా ఓడలోళ్లు చిన్న కోళ్లకు ఆ పేరు వెట్టిండ్రు. గని పుట్టిన నాడు పిల్ల చిన్నగున్నదని బాంటం అనుకోవద్దు. పిల్ల సైజు గుడ్డు సైజును వట్టి ఉంటది, తొలిసూరి పెట్ట చిన్న గుడ్డు వెడ్తె చిన్న పిల్లే ఎల్తది. బాంటం అంటె మొత్తం పెయ్యే చిన్నది. పెయ్యి మామూలుగ ఉండి కాళ్లు ఒక్కటే కురచగ, నేలకు రాసుకుంట తిరిగితె అది వేరే గుణం. గసొంటి పుంజును గసొంటి పెట్ట మీదనే ఇడిస్తె నాలుగు గుడ్లల్ల ఒకటి పిల్ల గాకుంట లోపల్నే సస్తది. రెండు దిక్కుల నుంచి ఆ గుణం వచ్చిన పిల్ల బతకదు. మా వాడల గుడ్లు గట్ల మురిగితె అవ్వలు దిష్టి అంటుండిరి. పుంజును మారిస్తె అయిపోతుండె.

అక్క దగ్గర రంగురంగుల పెట్టలు నాలుగున్నయి. నా అంచనా ఇవ్వి వనరాజ లెక్కటియి. వనరాజను, గ్రామప్రియను రాజేంద్రనగర్‌ల ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసింది. పశువైద్య విశ్వవిద్యాలయం రాజశ్రీని ఇచ్చింది. ఇవి చెడ్డ కోళ్లు గావు, మన నాటుపెట్ట కన్న మస్తు ఎక్కువ గుడ్లు వెడ్తయి. గని ఇవి వేరువేరు వరుసలు కలిపి తీసిన కోళ్లు. వీటి గుడ్లు పొదిగిస్తె పిల్లలు తల్లి లెక్కనే రావు, తలోతీర్గ వస్తయి. ఈ పెట్టలు తామే కూసోని పొదిగేది గూడ తక్కువ. నాటు అని చెప్పి వీటిని అంటగడ్తె, ఏడాది గాంగనే పిల్లల కోసం మళ్ల ఆ బండాయన దగ్గరికే పోవాలె. మన నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లే వెడ్తది గని 21 రోజులు కూసోని పిల్లలను తీస్తది, గద్దను జూసి రెక్కల కింద దాస్తది. జాతి పేరు అడిగే ముందు "ఇది పొదుగుతదా" అని అడగాలె. కర్నాల్‌ల ఉన్న జాతీయ సంస్థ దగ్గర అసీల్, ఘాగస్, డంకి, కాళహస్తి అని జాతుల పేర్లు రాసి ఉన్నయి. మన వాకిట్ల తిరిగే కోళ్లల్ల చాలావాటికి ఏ పేరూ లేదు. పేరు లేనిదానికి ధర చెప్పేది అమ్మేటోడే.

కలిసిన పిల్లల గుంపుల ఏది ఏందో రెండు నెలల దాక గట్టిగ చెప్పొద్దు. జుట్టు, కాళ్లు, నిలవడే తీరు అప్పుడు తేల్తయి. పుంజా పెట్టనా గూడ చానామట్టుకు అప్పుడే. రెక్క ఈకలు జూసి మొదటి రోజే చెప్తమనేటోళ్లున్నరు. ఆ లెక్క దానికోసమే తీసిన హేచరీ వరుసలల్ల నడుస్తది, కలగూరగంప పిల్లలల్ల నడువది. ముందుగాల తెల్సుకునే తొవ్వ ఒక్కటే, తల్లికోడిని చూపెట్టుమనుడు. చూపెట్టనోడు నాటు ధర అడుగొద్దు.

అక్క ఏడు పిల్లలను పోగొట్టుకున్నది మాత్రం జాతి తోటి గాదు. ఒకదాన్ని గద్ద ఎత్కపోయింది. ఆరు మొదటి పది రోజులల్లనే ముసురుకు, సలికి గుంపుగ ముడుసుకోని సచ్చినయి. తల్లి లేని పిల్లలకు బల్బు వెట్టి ఎచ్చగ ఉంచాలె. కొక్కెర రోగం రాకుంట ఐదు నుంచి ఏడు రోజుల లోపట కంట్లనో ముక్కులనో లసోటా చుక్క ఎయ్యాలె, రెండు నెలలు దగ్గరవడ్డంక ఆర్‌టూబీ సూది ఇప్పియ్యాలె. పిల్లలు కొన్న నాడు ఈ ముచ్చట అక్కకు ఎవరు చెప్పలే, అమ్మినాయన అసలే చెప్పలే.

తెల్ల పుంజులల్ల ఐదింటిని దీపావళి ముందట అమ్మింది, కొన్న పైసలు దాదాపు ఎల్లినయి. దాణా ఖర్సు మీద వడ్డది. రెంటిని మేమే తిన్నం. సంక్రాంతి కిస్తీ బీడీల పైసల తోటి కట్టింది. ఇప్పుడు పక్కింటి ముసలమ్మ దగ్గర పొదుగుకొచ్చిన నాటుపెట్టను అడుక్కొచ్చుకోని, వాడకట్టుల తెల్సిన కోళ్ల గుడ్లు పదకొండు కింద వెట్టింది. ఏ గుడ్డు ఏ కోడిదో బొగ్గు తోటి గుర్తులు గీసింది. మొన్న ఫోన్ల అడిగితె ఇయ్యాల్టికి తొమ్మిదో రోజు అన్నది.