బోండాల కత్తి నుంచి ఖుక్రీ దాకా: ఒక్కో కత్తికి ఒక్కో ఆకారం ఎందుకు?

కొబ్బరి బోండాల బండి మీది కత్తి, మటన్ కొట్టులో కత్తి, నేపాల్ ఖుక్రీ, నాగాలాండ్ దావ్... అన్నీ నరకడానికే. కానీ ఏ రెండూ ఒకేలా ఉండవు. దేన్ని నరకాలి, ఎంతసేపు నరకాలి, చెయ్యి జారకుండా ఎలా పట్టుకోవాలి అన్నదాన్ని బట్టి ఈ ఆకారాలు తయారయ్యాయి.

బరువు ఎటువైపు?

నరికే కత్తికి పదును ఒక్కటే చాలదు. బరువు కొస వైపు ఉంటే తక్కువ శ్రమతోనే దెబ్బ లోతుగా దిగుతుంది. నాగా దావ్ పిడి దగ్గర సన్నగా, కొస దగ్గర వెడల్పుగా ఉండేది అందుకే. వెదురు కొట్టడానికి, పోడు కోసం పొదలు నరకడానికి అది అనువుగా ఉంటుంది.

ఖుక్రీ ముందుకు వంగి ఉంటుంది. ఆ వంపు వల్ల మణికట్టును పెద్దగా వంచకుండానే వాదర కొమ్మకు తగులుతుంది. తమిళనాడు అరువాళ్, మన వేటకొడవలి లాంటి వాటికి కొస లోపలికి తిరిగి ఉంటుంది. కొమ్మ జారిపోకుండా ఆ కొక్కెం పట్టుకుంటుంది.

మొద్దు మీద మాంసం కొట్టడానికి మాత్రం ఇలాంటి కొక్కెం అడ్డు. వాదర మొద్దుకు ఆనకపోతే ముక్క అడుగున తెగకుండా ఉండిపోతుంది. అందుకే ఆ కత్తి వెడల్పుగా, వాదర దాదాపు తిన్నగా ఉంటుంది. ఎముక తగిలినా పెచ్చు ఊడకుండా మందంగా చేస్తారు. అలుగు పిడి కన్నా కిందికి దిగి ఉండటంతో వేళ్ల కణుపులు మొద్దుకు తగలవు.

చేతిని కాపాడేది పిడే

గుండ్రటి పిడి చెమట చేతిలో తిరిగిపోతుంది. కోలగా ఉంటే వాదర ఎటు ఉందో చూడకుండానే తెలుస్తుంది. చివర ఉబ్బెత్తుగా ఉంటే విసిరినప్పుడు కత్తి జారదు. ఖుక్రీ పిడి చివర వెడల్పుగా ఉండటానికి కారణం అదే.

పిడి బిగించే పద్ధతులు ప్రధానంగా రెండు. అలుగు నుంచి వచ్చే సన్నని ఇనుప కొసను కర్రలోకి దించి, పొన్ను వేయడం ఒకటి. ఇది తేలిక, పిడిని మార్చుకోవడమూ సులువే. కానీ కర్ర ఎండితే వదులై, అలుగు ఊడి ఎగిరిపడే ప్రమాదం ఉంది. నీళ్లలో నానబెడితే బిగుస్తుంది గానీ, ఆరగానే మళ్లీ వదులవుతుంది. అలుగునే పిడి పొడవునా సాగదీసి, రెండు వైపులా చెక్కలు పెట్టి రివెట్లు కొట్టడం రెండోది. బరువు ఎక్కువే అయినా, వదులైతే కంటికి కనిపిస్తుంది.

చట్టం ఏమంటోంది?

9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగున్న కత్తులను భారత ఆయుధాల నిబంధనలు పదునైన ఆయుధాల జాబితాలో చేర్చాయి. అందులో ఖుక్రీ పేరూ ఉంది. అయితే ఇంటి, వ్యవసాయ, పారిశ్రామిక అవసరాల కోసం తయారైన వాటికి మినహాయింపు ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం కూడా కేవలం ఇంటి, సాగు పనులకు చేసిన వస్తువులను ఆయుధాలుగా లెక్కించదు.

అంటే కొలత ఒక్కటే చూస్తే, తోట కూలీ చేతిలోని కత్తి కూడా ఆ జాబితాకు దగ్గరగానే వస్తుంది. అతనికి రక్షణ ఆ కత్తి ఏ పని కోసం తయారైందన్నదే. ఒకే వంపు కొమ్మకూ పనికొస్తుంది, మనిషి మీదికీ లేస్తుంది. అందుకే ఆకారాన్ని మాత్రమే చూసి కత్తిని ఆయుధమనో, పనిముట్టనో తేల్చేయలేం.