నిదానమే ప్రధానమా? - ల్యాప్‌టాప్ వేగం, బ్యాటరీ ఓపిక

2016 సెప్టెంబరు 28 సాయంత్రం తుఫాను గాలులకు విద్యుత్ ప్రసార స్తంభాలు కూలి, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం దాదాపు అంతా ఒక్కసారిగా చీకటిపాలయింది. అడిలైడ్‌కు ఉత్తరాన ఉన్న మాసన్ లేక్స్ కూడా ఆ చీకటిలో భాగమే. ఆంధ్రదేశపు కరెంటు కోతలను ఎరిగిన తెలుగువారికి ఆ అనుభవం కొత్తది కాకపోవచ్చు. అటువంటి వేళ ఇంటిలో మిగిలే వెలుగు ల్యాప్‌టాప్ తెరదే. అది రెండు గంటలు నిలుస్తుందా, నాలుగు గంటలా అన్నది ప్రాసెసరు ఏ వేగంతో నడుస్తున్నదన్న దానిపై కూడా ఆధారపడి ఉంటుంది.

వేగం తగ్గించిన కొద్దీ బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని సామాన్యంగా అనుకుంటారు. ఇది సగం నిజం మాత్రమే.

ప్రాసెసరు పనితీరును బావిలో నీరు తోడటంతో పోల్చవచ్చు. అందులోని ట్రాన్సిస్టరు స్థితి మారిన ప్రతిసారీ స్వల్ప విద్యుదావేశం నిండి, మళ్ళీ ఖాళీ అవుతుంది. సెకనుకు ఎన్ని చేదలు తోడుతున్నామన్నది వేగం. బావి లోతు వోల్టేజి. అయితే ఇది విచిత్రమైన బావి. లోతు పెరిగితే చేద పరిమాణం కూడా అంతే పెరుగుతుంది. కనుక ఖర్చయ్యే శక్తి వేగాన్ని అనుసరించి మామూలుగానూ, వోల్టేజిని అనుసరించి వర్గంగానూ పెరుగుతుంది. అసలు పొదుపు వోల్టేజి తగ్గించటంలోనే ఉన్నది. వేగం తగ్గితేనే తక్కువ వోల్టేజితో పని సాగుతుంది కనుక రెండింటినీ కలిపి తగ్గిస్తారు.

ఇంటెల్ సంస్థ 2000 జనవరిలో 'స్పీడ్‌స్టెప్' అనే పేరుతో విడుదల చేసిన మొబైల్ పెంటియం-3 ఇందుకు చక్కని ఉదాహరణ. గోడ కరెంటుపై 650 మెగాహెర్ట్‌జ్ వేగంతో, 1.6 వోల్టులతో నడిచే ఆ ప్రాసెసరు బ్యాటరీపై 500 మెగాహెర్ట్‌జ్‌కు, 1.35 వోల్టులకు దిగేది. పైన చెప్పిన సూత్రం ప్రకారం లెక్క కడితే వేగంలో నష్టం 23 శాతం, శక్తి వినియోగంలో తగ్గుదల సుమారు 45 శాతం. బేరం లాభసాటిదే! నేటి ప్రాసెసర్లు ఇటువంటి మెట్లను సెకనుకు ఎన్నోసార్లు తమంతట తామే ఎక్కి దిగుతున్నాయి.

మరి ఇంకా ఇంకా తగ్గిస్తే? ఇక్కడే చిక్కు. ఒక ఊహా లెక్క చూద్దాం. 3 గిగాహెర్ట్‌జ్ వేగంతో, 1 వోల్టుతో ప్రాసెసరుకు 16 వాట్లు, తెర మొదలైన మిగతా భాగాలకు 5 వాట్లు కావాలి. పని పది నిమిషాలది. అది కాగానే మూత మూసివేస్తాం. మొత్తం ఖర్చు 210 వాట్-నిమిషాలు. వేగాన్ని సగం చేసి, వోల్టేజిని 0.75కు దించితే ప్రాసెసరుకు 4.5 వాట్లు చాలు, పనికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఖర్చు 190. కొంత లాభమే. కాని వోల్టేజి ఇక దిగని స్థితిలో వేగాన్ని మరల సగం చేస్తే పని నలభై నిమిషాలు సాగుతుంది, తెర అంతసేపూ వెలుగుతూనే ఉంటుంది, ఖర్చు 290కి చేరుతుంది. ఇటు 'టర్బో' పేరిట 4 గిగాహెర్ట్‌జ్‌కు, 1.25 వోల్టులకు పోయినా ఏడున్నర నిమిషాలలో దాదాపు అంతే ఖర్చు. నత్త నడకా దండగే, గుర్రపు పరుగూ దండగే.

ఆచరణలో చేయవలసింది స్వల్పం. విండోస్‌లో పవర్ మోడ్‌ను బ్యాటరీపై ఉన్నప్పుడు 'బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ'కి మార్చవచ్చు. కొన్ని యంత్రాలలో 'మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్'ను 99 శాతానికి దించితే టర్బో ఆగిపోతుంది. దానిని 30కో 40కో దించటం మాత్రం పై లెక్కలోని చివరి మెట్టు వంటిది. మాక్ వాడేవారికి 2021 నుండి 'లో పవర్ మోడ్' ఉన్నది. తెర వెలుగు తగ్గించటం వీటన్నిటికన్నా సులువు, తరచు ఎక్కువ ఫలప్రదం కూడా.

టర్బోను ఆపటానికి మరో కారణం బ్యాటరీ రసాయనంలో ఉన్నది. లిథియం-అయాను ఘటానికి కొంత అంతర్నిరోధం ఉంటుంది. దాని నుండి రెట్టింపు కరెంటు లాగితే లోపల వేడిగా వృథా అయ్యే శక్తి నాలుగు రెట్లవుతుంది. కాలక్రమేణా గ్రాఫైటు ధ్రువంపై విద్యుద్విశ్లేష్యం విచ్ఛిన్నమై ఒక పొరగా పేరుకుంటుంది. ఆ పొర కొంత లిథియాన్ని బంధించివేస్తుంది, నిరోధాన్నీ పెంచుతుంది. వేడిమి, నిండు చార్జి కలిసి ఈ వార్ధక్యాన్ని త్వరపరుస్తాయి. 2019 జనవరి 24న అడిలైడ్‌లో 46.6 డిగ్రీలు నమోదయింది. అటువంటి రోజున ఎండలో నిలిపిన కారులో నిండా చార్జి చేసిన ల్యాప్‌టాప్‌ను వదిలివేయటం బ్యాటరీకి చేయగల పెద్ద అపకారం. ఎప్పుడూ గోడకు తగిలించి వాడేవారు చార్జిని 80 శాతం వద్ద ఆపే సదుపాయం ఉంటే వాడుకోవటం మేలు.

ముసలి బ్యాటరీ నుండి టర్బో ఒక్కసారిగా హెచ్చు కరెంటు లాగినప్పుడు వోల్టేజి కుంగి, 20 శాతం చూపుతున్న యంత్రం కూడా హఠాత్తుగా ఆరిపోవచ్చు. ఈ ఆరిపోవటాన్ని నివారించటానికే పాత ఐఫోన్ల వేగాన్ని తగ్గించామని ఆపిల్ సంస్థ 2017 డిసెంబరులో అంగీకరించింది. శాస్త్రీయంగా అది సబబైన ఉపాయమే; ముందుగా చెప్పకపోవటమే వినియోగదారులకు కోపం తెప్పించింది.

సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు పాత ల్యాప్‌టాప్‌ను అమ్మానాన్నలకు ఇచ్చి వచ్చే కుటుంబాలు అనేకం. కరెంటు పోయిన వేళ మనవడితో మాట్లాడుతుండగా తెర ఆరిపోతే, తామే ఏదో తప్పు నొక్కామని ఆ పెద్దలు కంగారుపడతారు. ఇచ్చి వచ్చే ముందు టర్బోను ఆపి, ఒక అరగంట ప్లగ్గు తీసి నడిపి చూడాలి. అప్పటికీ మధ్యలో ఆరిపోతుంటే ఇక ఆ బ్యాటరీని మార్చవలసిందే.