రబీ విత్తే ముందే ఊరి నీళ్ల లెక్క

వాన ఎంత పడిందని ఏ రచ్చకట్ట మీద అడిగినా "పదును వాన" అనో, "చెరువుకు రాలేదు గానీ బాగానే కొట్టింది" అనో చెబుతారు. ఖరీఫ్‌లో విత్తనం వేయడానికి ఆ లెక్క సరిపోతుంది. బోరు కింద రబీ పంట పెట్టడానికి మాత్రం చాలదు. సంక్రాంతి దాటాక బోరు గాలి కక్కిందంటే ఎరువు, విత్తనం, కూలీ అన్నీ మట్టిలో కలిసినట్టే. పైరును బతికించుకుందామని అప్పు చేసి ఇంకో బోరు వేసి, అదీ పడక కుదేలైన వాళ్లు రాయలసీమలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

వానల తీరు పాత అంచనాలకు అందడం లేదు. 2009లో నైరుతి రుతుపవనాలు దేశమంతా ముఖం చాటేశాయి. అదే ఏడాది అక్టోబరు మొదట్లో కర్నూలు పట్టణం వరదలో మునిగింది. 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. ఏడాది మొత్తం కూడితే వాన సగటుకు దగ్గరగానే కనబడవచ్చు. కానీ నాలుగు రోజుల్లో కుండపోతగా కురిసింది వాగు పాలవుతుంది, భూమిలోకి దిగేది తక్కువ. అందుకే నీళ్లు ఎంత ఉన్నాయో చూసుకుని పంట ఎంచుకోవాలి.

ఈ పని మన దగ్గర కొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లలో రైతులే భూగర్భ జలాల లెక్క వేసుకున్నారు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 తర్వాత కొన్నేళ్లు ఆ పథకం నడిచింది. రోజూ వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బావుల్లో నీటిమట్టం చూశారు. అంకెలన్నీ ఊళ్లో బోర్డు మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంట ఎన్ని ఎకరాలు వేయవచ్చు అని చూసుకున్నారు. పథకం ముగిసింది గానీ ఆ పద్ధతి ఇప్పటికీ ఎవరైనా చేసుకోదగ్గదే.

కావలసిన సరంజామా కొంచెమే. వానమాపకం ఒకటి. దాన్ని చెట్టుకూ గోడకూ దూరంగా ఆరుబయట పెట్టి, ఉదయం ఎనిమిదిన్నరకు చూసి పుస్తకంలో రాయాలి. మండల కేంద్రం లెక్క మన ఊరికి పనికిరాదు, వాగుకు అటు పడిన వాన ఇటు పడదు కదా. రెండోది, మీటర్ల గుర్తులున్న తాడు, చివర బరువు. మోటారు లేని పాత బోరులోనో, బావిలోనో దించి మట్టం చూడాలి. పక్క మోటార్లు ఆడకముందు పొద్దున్నే చూస్తేనే సరైన అంకె వస్తుంది. మూడోది 200 లీటర్ల డ్రమ్ము, చేతి గడియారం. బోరు కింద డ్రమ్ము పెట్టండి. 80 సెకన్లలో నిండితే ఆ బోరు గంటకు 9,000 లీటర్లు పోస్తున్నట్టు. రోజుకు 9 గంటల చొప్పున వంద రోజులు ఆడితే 81 లక్షల లీటర్లు.

ఇక లెక్క. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. ఊరి వాగు పరిధిలో వెయ్యి ఎకరాలున్నాయనుకుందాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 400 మి.మీ. పడింది. మన రాతి నేలల్లో నూటికి పది వంతులు అటూఇటూ కిందికి దిగుతుంది. అంటే 40 మి.మీ., పదహారు కోట్ల లీటర్లు. వినడానికి సముద్రంలా ఉంటుంది. ఖరీఫ్‌లోనే బోర్లు ఆరు కోట్లు తోడేశాయనుకోండి. వచ్చే వానల దాకా మనుషులకూ గొడ్లకూ కోటిన్నర పక్కన పెట్టాలి. ఇది మొదట తీసెయ్యాల్సిన పద్దు, చివర మిగిలితే చూద్దామనేది కాదు. మిగిలింది ఎనిమిదిన్నర కోట్లు. పైన చెప్పిన లాంటి బోర్లు పది, వంద రోజులు ఆడితే సరి!

ఆ నీళ్లతో ఏం పండుతుంది? వరికి దాదాపు 1,200 మి.మీ. కావాలి, ఎకరానికి 48 లక్షల లీటర్లు. అంటే పదిహేడు, పద్దెనిమిది ఎకరాలు. వేరుశనగకు 500 మి.మీ. అనుకుంటే 42 ఎకరాలు. 300 మి.మీ.తో సరిపెట్టుకునే ఆరుతడి పంటలైతే 70 ఎకరాలు. వరికి పెట్టిన నీళ్లు కొంత మళ్లీ కిందికి దిగుతాయి, నిజమే. దాంతో పదిహేడు ఇరవై అవుతుందేమో గానీ డెబ్భై కాదు.

దిగే వంతు ఊరూరికీ మారుతుంది. కుండపోత వానల ఏడాది పది వంతులు దిగకపోవచ్చు. తాడు కొలత ఉన్నది అందుకే. వాన లెక్క ఎక్కువ చెబుతూ బావిలో మట్టం లేవకపోతే బావినే నమ్మాలి. మీ నేలకు ఎంత వంతు వేసుకోవాలో జిల్లా భూగర్భ జల శాఖ వారిని అడిగితే చెబుతారు.

"పక్కోడు వరి పెడుతుంటే నేనెందుకు మానాలి?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. అడుగున నీళ్లు గట్టు చూసి ఆగవు కాబట్టి ఒక్కడు పొదుపు చేస్తే పక్కవాడికి పోతాయి. అందుకే ఊరంతా కూర్చోవాలనేది. కొత్త బోరుకు అనుమతి ఉండాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది గానీ ఊళ్లలో దాని అమలు అందరికీ తెలిసిందే. ఆ ఏడు జిల్లాల ఊళ్లలో ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. అయినా చాలా మంది వరి తగ్గించుకున్నారు. అధికారి చెప్పిన అంకె కాక, తాము డ్రమ్ము పెట్టి కొలిచిన అంకె కావడమే తేడా అని నా అభిప్రాయం. మహారాష్ట్రలోని హివ్రే బజార్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఏటా నీటి లెక్క చూసుకోవడమే కాదు, సాగుకు బోర్లు వేయకూడదని, చెరకు, అరటి పెట్టకూడదని ఊరే కట్టడి చేసుకుంది.

బోరు లేని చిన్న రైతుకు ఇందులో ఏముంది? ఆయన వాన కూడా ఆ వాగు పరిధిలోనే పడింది, దిగిన నీళ్లలో ఆయన పొలానివీ ఉన్నాయి. అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్నిచోట్ల బోరున్నవాళ్లు, లేనివాళ్లు కలిసి పైపులైను వేసుకున్నారు. కొత్త బోర్లు వేయబోమని మాట అనుకుని, ఎండిపోయే మెట్ట పైరుకు ఒకటి రెండు తడులు ఇచ్చుకున్నారు. లెక్కకు కూర్చున్నప్పుడు బోరు లేనివాళ్లనూ, కౌలుదార్లనూ, నీళ్లు మోసే ఆడవాళ్లనూ పిలవకపోతే తాగునీటి పద్దు దగ్గరే తప్పు జరుగుతుంది.

సమావేశం అక్టోబరు మొదటి వారంలోనే పెట్టుకోవాలి. సగం మంది విత్తనం కొనేశాక మాట సాగదు. ఈశాన్య వానలు బాగా పడితే డిసెంబరు మొదట్లో మళ్లీ తాడు దించి చూసి, పెరిగిన నీళ్లకు తగ్గట్టు కూరగాయలో, పశుగ్రాసమో అదనంగా వేసుకోవచ్చు.